కొత్త అద్దం

ద్వాలి ఫోను చేసేసరికి ఖయ్యూం కారేపల్లి స్టాండులో, బండి బానెట్ మీద చాయ్ గ్లాసు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ద్వాలి రూప్‌సింగ్ భార్య. నెల రోజులుగా ఆ ఇంటి నుంచి ఫోను లేదు. ఇటు నుంచి ఖయ్యూం కూడా చెయ్యలేదు.

“భాయ్, రేపు పొద్దున ఇంటికి పంపిస్తరంట. నువ్వే రావాలె,” అంది ద్వాలి.

“ఎవరిని పంపిస్తరు? యాడికెళ్లి?”

“అయ్యో, నీకు చెప్పలేదా? ఖమ్మం దవాఖానాల ఉన్నం. మీ దోస్తుకు తలల గడ్డ లేచిందంట. ఆపరేషన్ అయ్యింది. అది ఎప్పటిసందో పెరుగుతుందంట భాయ్. నాలుక మొద్దుబారుడు, ఎడమ దిక్కు తూలుడు, పొద్దున లేస్తె కక్కుడు, అంతా దానితోనేనంట. మేమేమో ఎండదెబ్బ అనుకున్నం.”

ఖయ్యూం చెయ్యి చాయ్ గ్లాసు దాకా పోయి, దాన్ని పట్టుకోకుండానే వెనక్కి వచ్చింది.

“ఉన్నవా భాయ్?”

“ఉన్న.”

“అంబులెన్సు మాట్లాడుదమంటె వద్దంటుండు. మన బండి ఉండంగ ఇంకో బండెందుకు అంటుండు. ముందు సీట్లనే కూసుంటడంట. చిన్న పిల్లగాని లెక్క మొండికేసిండు. అయినా బండి రిపేర్ల ఉందన్నడు గద, అయిపాయెనా?”

బండి ఒక్క పూట కూడా రిపేర్లో లేదు. రూప్‌సింగ్ ఇంట్లో అట్లా చెప్పాడన్నమాట. 

“అయ్యింది. పొద్దున్నే వస్త,” అన్నాడు ఖయ్యూం.

ఫోను జేబులో వేసుకొని తలెత్తితే ఎదురుగా బండి ముందు అద్దం. అద్దం పై అంచున రెండు పేర్లు. మొదటిది తెల్లగా ఖయ్యూం. పక్కన నల్లగా రూప్‌సింగ్. ఆ పేరును నల్లగా రాయించినవాళ్లు ఎవరూ లేరు.

ఈ దిక్కున అద్దం మీద పేరు లేని బండి కనపడదు. కొందరు పిల్లల పేర్లు రాయిస్తారు, కొందరు దేవుడి పేరు, కొందరు అమ్మ దీవెన అని రాయిస్తారు. జనం బండిని నెంబరుతో గుర్తుపట్టరు, అద్దం చదివి గుర్తుపడతారు. ఖయ్యూం, రూప్‌సింగ్ కలిసి ఈ బండి కొన్న రోజున రేడియం షాపు జావీద్ అడిగాడు, ఎవరి పేరు ముందు అని. “భాయ్ పేరే ముందు. ఆయన నాకంటె పొట్టి, ముందు నిలబడితెనే కనపడతడు,” అన్నాడు రూప్‌సింగ్. జావీద్ తెల్ల రేడియం కాగితం మీద అక్షరాలు చేత్తో కోసి అతికించాడు. అప్పటి నుంచి తండాలో దాన్ని రూప్‌సింగ్ బండి అన్నారు, ఊర్లో ఖయ్యూం బండి అన్నారు. ఇద్దరినీ ఎరిగినవాళ్లు రెండు పేర్లూ కలిపి ఒకే మనిషిని పిలిచినట్టు పిలిచారు.

ఆ రోజే ఇంకొకటి కూడా జరిగింది. ఖయ్యూం తల్లి గులాబ్ బీ బండి చుట్టూ తిరిగి, నిమ్మకాయలు తొక్కించి, రూప్‌సింగ్‌ను దగ్గరికి పిలిచింది. “నువ్వు మంచోనివే. ఇప్పసారా మంచిది కాదు. నా తల మీద చెయ్యి పెట్టు,” అంది. రూప్‌సింగ్ నవ్వుతూనే చెయ్యి పెట్టాడు. పెట్టిన తర్వాత నవ్వలేదు. ఆ తర్వాత తండాలో పెళ్లయినా, పండుగైనా అతను గ్లాసు ముట్టింది లేదు.

బండి వచ్చిన రెండో వానాకాలం సుమేరాకు జ్వరం వచ్చింది. సుమేరా ఖయ్యూం కూతురు. అప్పుడు చిన్నది, సెలవులకు పినపాకలో అమ్మమ్మ ఇంట్లో ఉంది. ఒళ్లు కాలిపోతున్న పిల్లను ఖయ్యూం ఒళ్లో పెట్టుకొని వెనక సీట్లో కూర్చుంటే, రూప్‌సింగ్ భద్రాచలం దవాఖానాకు బండి తోలాడు. అడవి దారి. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. దారి మధ్యలో డ్రైవరు వైపు వైపర్‌కు ఉన్న రబ్బరు ఊడి ఎటో ఎగిరిపోయింది. ఇనుపకమ్మి అద్దాన్ని గీకుతూ ఇటూ అటూ తిరిగింది. ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. అంత కంగారులోనూ ఖయ్యూం నోటికి అలవాటైన మాటే వచ్చింది, “ఆపు, అద్దం పోతది” అని. రూప్‌సింగ్ ఆపలేదు. “అద్దం మల్లొస్తది భాయ్,” అన్నాడు. వెనక్కి కూడా చూడలేదు.

స్టీరింగ్ ఎదురుగా నెలవంక లాంటి గీత ఒకటి పడింది. మొదట్లో పొద్దుటి ఎండకు మెరిసి కళ్లల్లో గుచ్చుకునేది. తర్వాత తర్వాత కన్ను దాన్ని దాటి చూడటం నేర్చుకుంది. ఇప్పుడు ఖయ్యూంకు అది ఉన్నట్టే గుర్తులేదు.

అంత కలిసి ఉన్నవాళ్లు ఒక మధ్యాహ్నం విడిపోయారు.

ఈ ఎండాకాలం మొదట్లో రూప్‌సింగ్ తీరు మారింది. మాట ముద్దగా వచ్చేది. గేరు మీద చెయ్యి తడుముకునేది. ఒకసారి ఎడమ అద్దం లారీకి తగిలించాడు, ఇంకోసారి రోడ్డు దిగి మళ్లీ ఎక్కాడు. స్టాండులో చందూలాల్ అనే జీపు డ్రైవరు పళ్లు ఇకిలిస్తూ, “మీ పార్ట్‌నర్ మల్ల షురూ చేసినట్టుండు భాయ్. ఇప్పపూల కాలం గద,” అన్నాడు. ఖయ్యూం మొదట కసిరాడు. తర్వాత కసరడం మానేశాడు. ఆ తర్వాత తనే కనిపెట్టి చూడటం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం భద్రాచలం పోయే యాత్రికులను ఎక్కించుకొని బండి తిప్పబోతూ రూప్‌సింగ్ స్టాండు పక్కన ఉన్న గేటు స్తంభానికి తగిలించాడు. లోపల ఆడవాళ్లు అరిచారు. ఖయ్యూం పోయి తాళం చెవి లాక్కున్నాడు.

“నోరు తెరువు,” అన్నాడు అందరి ముందు.

రూప్‌సింగ్ తెరిచాడు. తనకంటే పొట్టివాడైన దోస్తు కోసం కొంచెం వంగి మరీ తెరిచాడు. ఖయ్యూం ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. వాసన రాలేదు. ఆకు వక్క వాసన వచ్చింది, అంతే. కానీ స్టాండు స్టాండంతా చూస్తోంది. చందూలాల్ చూస్తున్నాడు. యాత్రికులు చూస్తున్నారు.

“తాగినవ్,” అన్నాడు ఖయ్యూం.

“అమ్మ తల మీద…” అని మొదలుపెట్టాడు రూప్‌సింగ్. నాలుక తిరగలేదు. ఒట్టు అనే మాట ఒత్తొత్తుగా విరిగి బయటికి వచ్చింది. అందరూ ఘొల్లుమన్నారు. అతను ఇంకోసారి చెప్పాలని చూడలేదు. తండా దారి పట్టి నడిచాడు. ఎడమ వైపు ఒరుగుతూ నడిచాడు. అట్లా నడుస్తుంటే కూడా వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

ఆ సాయంత్రమే ఖయ్యూం గోళ్లతో, తాళం చెవితో రూప్‌సింగ్ పేరు పీకాడు. ఎండకు ఎండిన రేడియం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద జిగురు మాత్రం అట్లాగే ఉండిపోయింది. అది పోకపోతే పోనీ అనుకున్నాడు. ఆ నెలంతా మణుగూరు కిరాయిలే తగిలాయి. బొగ్గు లారీల వెనక తిరిగి తిరిగి, గాలిలో ఉన్న నల్ల దుమ్మంతా ఆ జిగురుకు పట్టింది. తెల్లటి పేరు పీకితే నల్లటి పేరు మొలిచింది. ఎక్కినవాళ్లు, “ఇదేంది భాయ్, పార్ట్‌నర్‌కు వేరే రంగు ఏసినవ్?” అని పరాచికాలాడారు.

గులాబ్ బీ ఒక్కతే మొదటి నుంచీ ఒప్పుకోలేదు. తల మీద కొంగు తీసి కొడుకు ముందు వంగింది. “వాడు తాగితె నా తల పగలాలె గద? చూడు, యాడన్న పగిలిందా? నెత్తిల పేలు తప్ప ఏం లెవ్వు,” అంది. ఖయ్యూం ఆ రోజు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు స్టాండులో నిలబడి ఖయ్యూం ఆ నల్లటి పేరును అరచేత్తో కప్పి చూశాడు. రేపు పొద్దున రూప్‌సింగ్ ఈ బండి ముందుకు వస్తాడు. తన పేరు ఎట్లా ఉందో చూస్తాడు. వట్టి గొడవైతే మాట వెనక్కి తీసుకోవచ్చు. గోళ్లతో పీకిన పేరును మాత్రం మాట అని ఎట్లా అంటాడు? తలలో గడ్డతో తూలుతూ నడిచిపోయిన మనిషి, కుట్లు ఆరకముందే అది చూడకూడదు. ఏం చేసైనా సరే చూడకూడదు.

జావీద్ దుకాణానికి పరుగెత్తాడు. “అద్దం మార్చాలె, ఇయ్యాల్టికియ్యాల.”

“ఈ మోడల్ బండే రావట్లేదు భాయ్, అద్దం యాడ దొరుకుతది? తెప్పియ్యాలంటె వారమన్న పడుతది,” అన్నాడు జావీద్. తర్వాత బయటికి వచ్చి ఆ పేరు చూసి నాలుక కరుచుకున్నాడు. “గీని మీద మల్ల రేడియం అంటిద్దమన్నా అంటదు. ముందు గీ జిగురు పోవాలె. ఎండకు ఉడికిన జిగురిది. జల్దీ పోదు.”

అప్పుడు తట్టింది ఖయ్యూంకు. అద్దం మార్చనక్కర్లేదు. మార్చినట్టు కనపడితే చాలు. బొగ్గు లారీ మీది నుంచి రాయి పడి అద్దం పగిలిందని, కొత్తది వేయించానని, పేర్లు ఇంకా రాయించలేదని చెబితే సరిపోతుంది. దానికి జిగురు ఆనవాలు కూడా మిగలకూడదు. తన పేరూ ఉండకూడదు.

ఇంటికి వచ్చి బండిని వేపచెట్టు కింద పెట్టి, విషయం తల్లికీ కూతురికీ చెప్పాడు. గడ్డ అనే మాట దగ్గర గులాబ్ బీ మంచం మీద కూర్చుండిపోయింది. కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండు అనిపించింది ఖయ్యూంకు.

అతను కొత్త బ్లేడు విరిచి జిగురు మీద పెట్టి గీకాడు. కర్రుమని చప్పుడు. బ్లేడు జారింది, వేలు తెగింది, జిగురు కదలలేదు. సీసాలో పెట్రోలు తెచ్చి గుడ్డతో రుద్దాడు. నల్ల దుమ్ము కరిగి, జిగురుతో కలిసి పక్కలకు పాకింది. పేరు ఇంకా వెడల్పయింది. మసి పూసినట్టు అద్దం సగం మసకబారింది. ఖయ్యూం గుడ్డ విసిరికొట్టి, గోరుతో మొదలుపెట్టాడు.

“ఆగు. ఆ గోళ్లతోనే గద ఇంతదాక తెచ్చినవ్,” అంది గులాబ్ బీ. ఎప్పుడు లేచి వచ్చిందో, చేతిలో కొబ్బరి నూనె సీసా ఉంది. “నీకు గీకుడొక్కటే తెలుసు. నానపెట్టుడు తెల్వదు. పనసకాయ కోస్తె చేతికంటిన బంక ఎట్ల పోతది? కత్తితోని గీకుతరారా ఎవరన్న? సుమేరా, పాత నూలు గుడ్డ తే బేటా.”

సుమేరా తెచ్చింది. ఆ పిల్ల మాటలు తక్కువ, చేతులే ఎక్కువ పలుకుతాయి. గుడ్డను సన్నగా చింపి, నూనెలో ముంచి, పేరు పొడుగునా అద్దానికి పట్టీ వేసింది, దెబ్బకు వేసినట్టు. జారకుండా దాని మీద తడి కాగితం అంటించింది.

“ఇప్పుడేం చెయ్యాలె?” అన్నాడు ఖయ్యూం.

“కూసో,” అంది తల్లి.

కూర్చోవడమే కష్టమైంది. లేచి కాగితం అంచు ఎత్తి చూడబోతే గులాబ్ బీ కర్రతో మోకాలి మీద చిన్న దెబ్బ వేసింది. మసీదులో సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినపడేదాకా ఆ పట్టీ తియ్యనివ్వలేదు.

తీసినప్పుడు జిగురు పాలమీగడలా మెత్తబడి ఉంది. సుమేరా తన పాత కాలేజీ కార్డు ఒకటి తెచ్చి, దాని అంచును వాల్చి పట్టి, మెల్లగా నెట్టింది. జిగురు సేమియా పోగుల్లా చుట్టుకొని ముందుకు వచ్చింది. నల్లటి పోగులు. ‘రూ’ పోయింది. ‘ప్’ పోయింది. ఖయ్యూం ఆ పోగులను వేళ్లతో ఏరి కాగితంలో వేస్తున్నాడు. కింద పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎందుకు ఏరుతున్నాడో, ఏరి ఏం చేస్తాడో అతనికే తెలియదు.

“ఇగ నీది,” అంది గులాబ్ బీ.

తన పేరుకు సుమేరా వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టింది. అంచు లేపి మెల్లగా లాగితే అక్షరానికి అక్షరం చెక్కుచెదరకుండా వచ్చేశాయి. కాపడం పెడితే ఇంత సులువుగా ఊడే పేర్లవి. ఖయ్యూం ఆ తెల్ల అక్షరాలను అరచేతిలో పట్టుకొని కాసేపు నిలబడి, ఉండచుట్టి నల్ల పోగులున్న కాగితంలోనే పడేశాడు. టోల్‌గేటు స్టిక్కరు ఒకటి మిగిలింది. కొత్త అద్దం మీద పాత స్టిక్కరు ఉండదు కదా అని సుమేరా చూపిస్తే దాన్నీ పీకేశారు. తర్వాత సబ్బు నీళ్లు, తర్వాత పచ్చళ్లలో వేసే సిర్కా, కరోనా నాటి నుంచి అటకమీద పడి ఉన్న శానిటైజరు, చివర తడిపిన పేపరు. నూనె జిడ్డు పోయేదాకా తండ్రీ కూతుళ్లు ఇద్దరూ అటొకరూ ఇటొకరూ తుడిచారు.

పొద్దు వాలుతుంటే ఖయ్యూం లోపల కూర్చొని చూశాడు. వెలుగు అడ్డంగా పడుతున్నా పేరు జాడ లేదు. అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా ఉంది. నెలలో మొదటిసారి అతనికి ఊపిరి నిండుగా ఆడింది. బయట సుమేరా ఇంకా తుడుస్తోంది. స్టీరింగ్ ఎదురుగా ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. వేలు అద్దం మీద వంపుగా కొంచెం దూరం పోయి నిలిచింది. ఆమె అద్దంలోంచి తండ్రి ముఖంలోకి చూసింది.

“ఇంకా ఉందా?” అన్నాడు ఖయ్యూం.

సుమేరా పెదవులు కదిలాయి. తండ్రి ముఖంలో చాలా రోజుల తర్వాత వచ్చిన వెలుగును ఇంకొంచెంసేపు చూసింది.

“లేదు అబ్బా. అంతా పోయింది,” అంది.

మర్నాడు పొద్దున్నే ఖయ్యూం ఖమ్మం చేరాడు. దవాఖానా మెట్ల దగ్గర చక్రాల కుర్చీలో రూప్‌సింగ్ కూర్చొని ఉన్నాడు. గుండు మీద తెల్ల పట్టీ. ఎడమ చెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువు పెట్టినట్టు పడి ఉంది. ఆరడుగుల మనిషి కుర్చీలో సగమయ్యాడు. ఖయ్యూంను చూసి కుడి పెదవితో నవ్వాడు. మాట ఒక్కొక్కటే ఏరుకొని బయటికి తెచ్చాడు.

“తిర్పతి… పోకుంటనే… గుండు కొట్టిండ్రు భాయ్.”

“మొక్కు బాకీ ఉండె గావచ్చు,” అన్నాడు ఖయ్యూం.  అంతలోనే, అడగకముందే, నిన్నటి నుంచి మనసులో తిప్పుకుంటున్న మాటలు గబగబా చెప్పేశాడు. “అద్దం మార్పిచ్చిన రూప్‌సింగ్. ఇల్లందు దారిల బొగ్గు లారీ మీదికెళ్లి రాయి పడ్డది. మొత్తం పగిలింది. పేర్లు ఇంక రాపియ్యలే. జావీద్‌కు టైం దొరకలే.”

రూప్‌సింగ్ బండి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“నీకు… దెబ్బ తగిలిందా?”

“లే. నాకేం కాలే.”

“మంచిది,” అన్నాడు.

ముందు సీట్లో రూప్‌సింగ్‌ను ఎత్తి కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. ద్వాలి మూటలతో, మందుల సంచితో వెనక ఎక్కింది. డాక్టరు చెప్పినవన్నీ వరసగా చెబుతోంది. బరువు ఎత్తొద్దట. ఎండకు పోవద్దట. “ఇగ బండి తోలుడు మాత్రం లేదన్నడు భాయ్. జన్మల వద్దన్నడు,” అంది. రూప్‌సింగ్ డ్యాష్‌బోర్డు మీద కుడి చెయ్యి పెట్టి, గేదె వీపు నిమిరినట్టు ఒకసారి నిమిరాడు.

ఊరు దాటి బండి తూర్పు ముఖం తిరిగింది. ఎండ సూటిగా అద్దానికి కొట్టింది. ఖయ్యూం కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. గుండె మాత్రం తేలికపడుతోంది. గండం గడిచింది అనుకున్నాడు. నెమ్మదిగా అన్నీ సర్దుకుంటాయి, తానే రోజూ తండాకు పోతాడు, మందులు తెస్తాడు, ఏదో ఒక రోజు ఆ స్టాండు సంగతి కూడా మాట్లాడుకోవచ్చు. పేర్లు రెండూ కొత్తగా రాయించవచ్చు. ఈసారి రూప్‌సింగ్ పేరే ముందు పెట్టించవచ్చు.

“భాయ్,” అన్నాడు రూప్‌సింగ్.

“చెప్పు.”

“సుమేరా… మంచిగున్నదా?”

“మంచిగనే ఉంది. ఏం?”

 రూప్‌సింగ్ చూపు ఖయ్యూం ముఖం మీద లేదు. స్టీరింగ్ ఎదురుగా, అద్దం మీద ఎక్కడో ఉంది. ఎందుకు చూస్తున్నాడా అని ఖయ్యూం కూడా అటు చూశాడు. ఎండలో వెండి తీగలా నెలవంక గీత మెరుస్తోంది. ఈ చివర నుంచి ఆ చివరకు, తుడిచిన అద్దం మీద ఎన్నడూ లేనంత స్పష్టంగా. పినపాక వాన, ఇనుపకమ్మి చప్పుడు, ఒళ్లో కాలిపోతున్న పిల్ల. కళ్ల ముందే ఇన్నేళ్లు ఉన్నదాన్ని చూడటం మానేసిన కన్ను అతనిది. జిగురు చుక్క మిగలకుండా తుడిచిన చేతులే దీన్ని ఇంత తేటగా చేసి పెట్టాయి. నిన్న సాయంత్రం సుమేరా వేలు ఎక్కడ ఆగిందో ఇప్పుడు తెలిసింది.

బండి వేగం దానంతటదే తగ్గింది. ఖయ్యూం పక్కకు తీసి ఆపబోయాడు.

“రూప్‌సింగ్, ఆ అద్దం…”

“మంచిగ… కూసున్నది,” అన్నాడు రూప్‌సింగ్ అడ్డుపడి. “కొత్తది. ఇగ వాన నీళ్లు… లోపలికి కారవు. పోనియ్.”

“ఏమంటుండు భాయ్?” అంది వెనక నుంచి ద్వాలి, మాట సరిగా వినపడక.

“అద్దం… మంచిగుందంటున్న.”

“ఏం మంచిగ? పేర్లు లేకుంటె బోడిగున్నది.”

“నా లెక్క,” అన్నాడు రూప్‌సింగ్. ద్వాలి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అతను ఊపిరి తీసుకొని, ఇంకో మాట కూడబలుక్కున్నాడు. “నా వెంట్రుకలు… రానియ్. అప్పుడు… రాపియ్యొచ్చు.”

కారేపల్లి దాటాక అడవి అంచున తండా వచ్చింది. ఇంటి ముందు వేసిన మంచం దగ్గర ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. ద్వాలి మూటలు దించుకొని ముందు నడిచింది. ఖయ్యూం తలుపు తీసి రూప్‌సింగ్ చంకలో చెయ్యి వేశాడు. ఇద్దరి ముఖాలు దగ్గరగా వచ్చాయి, ఆ రోజు స్టాండులో వచ్చినంత దగ్గరగా. ఈసారి రూప్‌సింగ్ వంగాల్సిన పని లేకపోయింది.

“ఆ దినం నీ నోట్లె వాసన రాలేదు,” అన్నాడు ఖయ్యూం. చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది. “రాలేదని నాకు తెలుసు. తెలిసే అన్న. మల్ల నీ పేరు నేనే…”

రూప్‌సింగ్ కుడిచెయ్యి లేచి ఖయ్యూం భుజం మీద పడింది. ఆసరా కోసం పట్టుకున్నాడో, ఆపమని పట్టుకున్నాడో తెలియదు. గట్టిగానే పట్టుకున్నాడు.

“ద్వాలికి… నేను రిపేరన్న,” అన్నాడు. “నువ్వు అద్దమన్నవ్. రెండూ… సరిపోయినయ్ భాయ్. ఉండనియ్.”

తిట్టినా బాగుండేది. నమ్మినా బాగుండేది. అతను ఈ రెండూ చెయ్యలేదు. తన అబద్ధం పక్కన దోస్తు అబద్ధాన్ని చేర్చి, రెండింటికీ కలిపి తలుపు వేసేశాడు. ఖయ్యూం అతన్ని మంచం దాకా నడిపించి కూర్చోబెట్టి, దిండు సర్ది, నీళ్లు తాగి బండి దగ్గరికి వచ్చాడు.

తిరుగు దారిలో జావీద్ షాపు ముందు బండి ఆపాడు. జావీద్ బయటికి వచ్చి అద్దం మీద అరచెయ్యి రాసి మెచ్చుకున్నాడు. “ఏం తీసినవ్ భాయ్! పేరున్నట్టు కూడ తెలుస్తలేదు. ఏం రాయాలె చెప్పు, ఇప్పుడే కోస్త. రెండు పేర్లా, నీదొక్కటేనా?”

ఎండ నడినెత్తికి వచ్చింది. ఈ వెలుగులో గీత కనపడటం లేదు. అయినా ఖయ్యూం కన్ను దాని మీదే ఉంది.

“రెండు,” అన్నాడు. “ఇప్పుడు కాదు. వాని వెంట్రుకలు రానియ్.”

“ఎవని వెంట్రుకలు? ఏమంటున్నవ్ భాయ్?”

ఖయ్యూం స్టీరింగ్ మీద పెట్టిన వేళ్లకు ఇంకా కొబ్బరి నూనె వాసన వస్తోంది. బండి స్టార్ట్ చేసి, స్టాండు మీదుగా కాకుండా చుట్టుదారిన ఇంటికి పోయాడు.